వీపు తట్టే ఉదయ్‌భాస్కర్

ఏ కీబోర్డు చేతికిచ్చినా ఉదయ్‌భాస్కర్ ముందు దాన్ని బోర్లా తిప్పుతాడు. ఎడమ ముంజేతి మీద పడుకోబెడతాడు. కుడి అరచేత్తో వీపు మీద మెల్లగా తడతాడు. పాలు తాగిన బిడ్డను తల్లులు భుజాన వేసుకొని తట్టినట్టు. తడుతూ గోడవైపు చూస్తాడు. బటన్ల సందుల్లోంచి ఏదో ఒకటి రాలుతుంది. అది రాలాక, "ఇగ పని చేస్తది" అంటాడు.

ఆ మాట అప్పటికింకా నిజం కాదు. పని చేయడానికి చేయాల్సింది చాలా ఉంటుంది. అయినా ఆ మాటతోనే చేవెళ్లలో అందరికీ సగం ధైర్యం వచ్చేస్తుంది.

ఒక్క భూపాల్‌కు మాత్రం కడుపులో మంట లేస్తుంది.

బీజాపూర్ రోడ్డుకు ఒక పక్క ఉదయ్‌భాస్కర్ దుకాణం. ఇంకో పక్క, సరిగ్గా ఎదురుగా, భూపాల్ జిరాక్సు, కంప్యూటర్ దుకాణం. మధ్యలో పరిగి బస్సులు, కూరగాయల ఆటోలు. భూపాల్‌ది అద్దాల తలుపు, ఏసీ, తిరిగే కుర్చీలు, పగలు కూడా వెలిగే బోర్డు. ఉదయ్‌భాస్కర్‌ది వాళ్ల నాయన పాండురంగం పెట్టిన కిరాణా దుకాణంలో సగం. ఒక సగంలో అతని భార్య అన్నపూర్ణ పప్పులు తూస్తుంది. ఇంకో సగంలో అతను కీబోర్డులు తడతాడు. నడుమ గోడ లేదు. బియ్యం బస్తాలే గోడ. ముందు, వచ్చినవాళ్లు కూర్చోవడానికి ఒక బెంచీ.

"మన దగ్గరికి గూడ మనుషులు వస్తరు," అని భూపాల్ తన భార్య అరుణజ్యోతితో అనేవాడు. "వచ్చి, కాయితం తీస్కొని పోతరు. ఆ బెంచీ మీద కూసున్నోళ్లు మాత్రం లేవరు. ఏమున్నదక్కడ? ఏసీ ఉన్నదా?"

"తట్టుడున్నది," అనేది అరుణజ్యోతి. "నువ్వు గూడ తట్టు. ఎవరొద్దన్నరు?"

భూపాల్ తట్టి కూడా చూశాడు. ఒకనాడు ఎవరో ల్యాప్‌టాప్ తెస్తే, బోర్లా తిప్పి ముంజేతి మీద వేసుకొని వీపు మీద రెండు దెబ్బలు వేశాడు. దాని మూత ఊడి వేలాడింది. తెచ్చినవాడు దాన్ని గుంజుకొని, చంకలో పెట్టుకొని, రోడ్డు దాటి నేరుగా ఆ బెంచీ మీదికే పోయాడు.

అప్పటినుంచి మంట లేచినప్పుడల్లా భూపాల్ నిమ్మసోడా తెప్పించుకుంటున్నాడు. తాగి, రొమ్ము మీద చెయ్యి పెట్టుకొని త్రేన్పు కోసం ఎదురుచూస్తాడు. రాదు. దవాఖానలో చూపిస్తే ఏమీ లేదన్నారు. ఏమీ లేకపోతే ఇది ఎక్కడిదని అతను డాక్టరును అడగలేదు. ఎక్కడిదో తెలుసు. రోడ్డు అవతలిది.

ఆ రాలే నలుసుల్ని చూసి ఉదయ్‌భాస్కర్ జాతకం చెబుతాడని పేరు. ఒకసారి స్కూలు సారు తెచ్చిన కీబోర్డులోంచి అటుకులు రాలాయి.

"సారూ, నిన్న మీరు తీరికగ ఉన్నరు."

"నీకెట్ల తెలుసు?"

"అటుకులే రాలినయి. ఒక్క పల్లీ లేదు. పల్లీలన్ని ఏరుకొని తిన్నరు."

బెంచీ మొత్తం నవ్వింది. సారు కూడా నవ్వాడు. ఎదురుగా అద్దం వెనుక భూపాల్‌కు మాటలు వినపడలేదు. నవ్వు మాత్రం వినపడింది. సోడా తెప్పించుకున్నాడు.

ఇంకోసారి సిమెంటు దుకాణం వాళ్ల కీబోర్డు వచ్చింది. సిమెంటు రాలుతుందని అందరూ ముక్కులు మూసుకున్నారు. మైసూర్‌పాక్ రాలింది. ఆ దుకాణం యజమానికి షుగరు ఉంది. పక్కనే భార్య నిలబడి ఉంది. ఉదయ్‌భాస్కర్ ఆ ముక్కను గుప్పిట్లో మూసి, "ఒట్టి దుమ్మే," అని, పెరట్లోకి పోయి చీమలకు వేసి వచ్చాడు. యజమాని మొహంలో నెత్తురు తిరిగి వచ్చింది.

తట్టడం అయ్యాక అసలు పని మొదలవుతుంది. ఉదయ్‌భాస్కర్ కంప్యూటర్‌లో ఉండేది విండోస్ కాదు, లినక్స్. యూనిక్స్ కుటుంబానిది. కీబోర్డు తీగను పెట్టగానే నల్లటి తెర మీద తెల్లటి వరుసలు పరుగెత్తుతాయి. అతను వాటిని పురాణం చదివినట్టు చదివి బెంచీకి అర్థం చెబుతాడు.

"కొత్తది వాకిట్లకు వచ్చింది. ముందు ఇంటిపేరు అడుగుతది. గదీ, ఇంటిపేరు. అంటే ఏ కంపెనీ. తర్వాత పేరు. అంటే ఏ మోడలు. రెండూ తెలిసినంక దాన్ని ఏ డ్రైవర్‌కు అప్పజెప్పాల్నో చూస్తది."

"డ్రైవరంటే?"

"దాని భాష తెలిసినోడు. ఇది బటన్ నొక్కితే ఏమన్నదో లోపలికి చెప్పేటోడు."

"దాని భాష ఎవరికీ తెల్వకపోతే?"

"మనం నేర్పాలె. జర టైం పడ్తది. చాయ్ తాగుతరా?"

కొన్నిసార్లు ఉన్న డ్రైవర్‌ను ఒకసారి దించి మళ్లీ ఎక్కించాలి. దానికి రెండు ఆజ్ఞలు. ఉదయ్‌భాస్కర్ మొదటి ఆజ్ఞ టైపు చేస్తాడు. ఆగి, ఒళ్లో ఉన్న కీబోర్డు వీపు తడతాడు. తర్వాత రెండో ఆజ్ఞ టైపు చేస్తాడు. తెర కదులుతుంది. భూపాల్ ఇదంతా అద్దంలోంచి ఎన్నోసార్లు చూశాడు. విద్య దూరం నుంచి చూసి నేర్చుకోవచ్చని అతని నమ్మకం.

ఉదయ్‌భాస్కర్ దగ్గర ప్రింటర్ కూడా ఉంది. దాని మీద ఎప్పుడూ ఒక పాత దుప్పటి ముక్క కప్పి ఉంటుంది. ఎవరైనా కాగితం ఇస్తే అతను ఆ దుప్పటి వైపు జాలిగా చూసి, "నా సిస్టంల పడ్తలేదు," అంటాడు. ఊరందరి కీబోర్డులకూ డ్రైవర్ కుదిర్చిన మనిషికి సొంత ప్రింటర్‌కు డ్రైవర్ కుదరలేదు. ఈ ఒక్క సంగతి తలచుకుంటే భూపాల్‌కు నిద్ర బాగా పట్టేది.

అప్పుడు ఆలూరు పూల రైతుల సంఘం పని వచ్చింది.

చందనవెల్లి దిక్కు ఏదో కంపెనీ తాను వాడి పక్కన పెట్టిన కంప్యూటర్లను సంఘానికి ఉచితంగా ఇచ్చింది. వాటిల్లోనూ లినక్సే. సంఘం షెడ్డులో బంతిపూల గంపను కాంటా మీద పెట్టి, ఎఫ్ టూ బటన్ నొక్కితే బరువు ఎక్కాలి. సంఘం వాళ్లు కొత్త కీబోర్డు కొన్నారు. ఎఫ్ టూ నొక్కారు. బరువు ఎక్కలేదు. తెర మీద వెలుతురు పెరిగింది. మళ్లీ నొక్కారు. ఇంకా పెరిగింది. సగం గంపలు తూచేసరికి షెడ్డులో లైటు ఆపేసినా పర్వాలేదన్నట్టు తెర మండిపోతోంది. బరువు మాత్రం సున్నా.

సంఘం పెద్ద కృష్ణయ్య ఆ కీబోర్డును తువ్వాలలో చుట్టి తెచ్చి ఉదయ్‌భాస్కర్‌కు ఇచ్చాడు. మనిషి న్యాయస్థుడు. రోడ్డు దాటి భూపాల్‌కు కూడా చెప్పాడు.

"రేపు పొద్దుగాల వస్త. ఎవరు బాగు చేసినా సరే. చేసినోళ్లకే సంఘం పని మొత్తం. మా ఊరి షెడ్డు, చుట్టుపక్కల షెడ్లు, ఏడాది పొడుగునా."

భూపాల్‌కు లెక్కలు మొదలయ్యాయి. ఏడాది పొడుగునా. కిరాయి ఫికర్ ఉండదు. అంతకంటే ముఖ్యం, ఆలూరు తన సొంత ఊరు. సొంత ఊరి పని ఎదుటివాడికి పోతే ఆ బోర్డు ఎంత వెలిగి ఏం లాభం?

అవతల ఉదయ్‌భాస్కర్ కృష్ణయ్య తిరిగి రాగానే ఆ కీబోర్డును తట్టాడు. తీగ పెట్టాడు. తెర చదివాడు. భూపాల్ చిల్లర కావాలన్న నెపంతో బస్తాల దాకా పోయి నిలబడి విన్నాడు.

"ఇది అబద్ధం చెప్తున్నది పెద్దాయనా," అన్నాడు ఉదయ్‌భాస్కర్. "చిన్న కంపెనీది. పెద్ద కంపెనీ ఇంటిపేరు చెప్పుకుంటున్నది. సిస్టం నమ్మి ఆ పెద్దింటి డ్రైవర్‌కు అప్పజెప్పింది. ఆ ఇంట్ల ఎఫ్ టూ అంటే వెలుతురే."

"ఎంత మోసం!"

"మోసమేమున్నది. పేరు లేకపోతే ఎవరు రానిస్తరని భయపడ్డది పాపం. ఒక మాట రాసిపెట్టి, డ్రైవర్‌ను దించి మళ్ల ఎక్కిస్తే చాలు."

కృష్ణయ్య వెళ్లిపోయాడు. ఉదయ్‌భాస్కర్ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. అప్పుడే ఫోను మోగింది. మొయినాబాద్‌లో ఒక ఫంక్షన్ హాలు. ఆఫీసు కీబోర్డు మీద ఎవరో డబల్ కా మీఠా గిన్నె పాకంతో సహా బోర్లించారట. పెళ్లివాళ్లు ఎదురుచూస్తున్నారట.

"దాన్ని బోర్లిచ్చి పెట్టుండ్రి," అని ఉదయ్‌భాస్కర్ ఫోనులో అరిచాడు. "ఎవ్వరు ముట్టకుండ్రి. వస్తున్న."

సంచి భుజాన వేసుకొని రోడ్డు దాటి భూపాల్ అద్దం తలుపు మీద కొట్టాడు. లోపలికి రాలేదు. అతను ఎప్పుడూ లోపలికి రాడు. భూపాల్ మంటకు అది కూడా ఒక కట్టె.

"భూపాలూ, మొయినాబాద్ పోయొస్త. జర దుకాణం చూస్కో."

"నేనా?"

"మరెవరు? నీకు తెల్వనిదేమున్నది."

అతను బస్సెక్కి పోయాడు. భూపాల్ తన దుకాణం అరుణజ్యోతికి అప్పగించి రోడ్డు దాటాడు. మొదటిసారి ఆ కుర్చీలో కూర్చున్నాడు. కుర్చీ తిరగదు. ఒక కాలు కింద ఇటుక ఉంది. కూర్చుంటే ఎదురుగా తన దుకాణమే కనిపించింది. అక్కడినుంచి చూస్తే బాగానే ఉంది. అందమైన దుకాణం పెట్టుకున్నవాడు ఎదుటివాడి ఇటుక మీద ఎందుకు కూర్చున్నాడని ఒక్క క్షణం అనిపించింది. సంఘం కీబోర్డు చూడగానే ఆ క్షణం పోయింది.

మెల్లగా ఫోను తీశాడు. వెతికాడు. ఆ పెద్దింటి డ్రైవర్ పేరు దొరకలేదు. యూఎస్‌బీ కీబోర్డులన్నిటినీ చూసుకునే పెద్ద డ్రైవర్ పేరు దొరికింది. చిన్నోడికంటే పెద్దోడిని పట్టుకుంటే మేలు కదా అనుకున్నాడు. బెంచీ మీద తన కీబోర్డు కోసం ఎదురుచూస్తున్న ప్రశాంత్ అనే డిగ్రీ పిల్లవాడు తొంగిచూశాడు.

"నీకు వస్తదా అన్నా ఇది?"

"చూస్తుండు."

దించే ఆజ్ఞ టైపు చేశాడు. ఎంటర్ నొక్కాడు. కీబోర్డును బోర్లా తిప్పి, ముంజేతి మీద వేసుకొని, గోడవైపు చూస్తూ తట్టాడు. ఎండిన బంతిరేకు ఒకటి రాలింది.

"ఇగ పని చేస్తది," అన్నాడు భూపాల్. ఆ మాట అనాలని అతనికి ఎంతకాలంగానో ఉంది.

ఎక్కించే ఆజ్ఞ టైపు చేశాడు. ఒక్క అక్షరం పడలేదు.

ఇంకొంచెం గట్టిగా తట్టాడు. పడలేదు. తీగ పీకి పెట్టాడు. మౌసు కదిపాడు. మౌసు కూడా పోయింది. బల్ల మీది ఇంకో కీబోర్డు పెట్టాడు. తట్టాడు. అదీ పోయింది. అటక మీది పాత కీబోర్డులు దించాడు. ఒక్కొక్కటే తట్టి, తీగ పెట్టి, అలాగే వదిలేశాడు. దించింది అన్నిటికీ కలిపి ఒక్కడే డ్రైవర్‌ను. ఇంక ఏ కీబోర్డు భాష ఎవరికి తెలుస్తుంది?

అప్పుడు మైసమ్మ వచ్చింది. మార్కెట్‌లో ఆకుకూరలు అమ్ముతుంది. ఒడి నిండా కీబోర్డులతో, చెమటతో ఉన్న భూపాల్‌ను చూసి గడప మీదే ఆగింది.

"ఏంది బిడ్డా, అందరికి ఒక్కసారే అజీర్తి చేసిందా?"

"డ్రైవర్‌ను దించిన అవ్వా."

"దించి?"

"మళ్ల ఎక్కియ్యాలె."

"ఎక్కియ్యి మరి."

"ఎక్కియ్యాలంటే కీబోర్డు నడవాలె. కీబోర్డు నడవాలంటే డ్రైవర్ ఉండాలె."

మైసమ్మ ఆ కీబోర్డుల వైపు చూసింది. "డ్రైవర్‌ను మధ్యల దించి బస్సును రమ్మంటే ఎట్లొస్తది?"

ప్రశాంత్ నవ్వు ఆపుకోవడానికి బియ్యం బస్తా వెనక్కి పోయాడు.

"నీకేం కావాలె అవ్వా?" అన్నాడు భూపాల్ కోపంగా.

"ఆధార్ జిరాక్సు."

"మా దుకాణంల అరుణ ఉన్నది. పో."

"అట్లెట్ల పోత? ముందు ఉదయ్ చెప్పాలె గదా."

"ఏం చెప్పాలె?"

"నేనొస్త. కాయితం చూపిస్త. ఆయన ఆ దుప్పటి దిక్కు జూసి, నా సిస్టంల పడ్తలేదవ్వా అంటడు. ఎదురుంగ భూపాల్ దగ్గరికి పో, ఆయన మిషిన్ మంచిది, అక్షరం మెరిసిపోతది, పిల్లగాడు కష్టపడేటోడు అంటడు. అప్పుడు పోత."

భూపాల్ చేతిలోని కీబోర్డు ఒళ్లోకి జారింది.

"ఎప్పుడూనా?"

"ఎప్పుడు వచ్చినా అంతే. నాకొక్కదానికేనా? అందరికీ అదే చెప్తడు."

"అవునన్నా," అన్నాడు ప్రశాంత్ బస్తా వెనుకనుంచి. "నా హాల్‌టికెట్ గూడ గట్లనే. మా దోస్తులందరం గట్లనే మీ దగ్గరికి వచ్చినం."

భూపాల్ ఎదురుగా ఉన్న తన బోర్డు వైపు చూశాడు. పట్టపగలు వెలుగుతోంది.

"మరి నా బోర్డు చూసి ఎవ్వరు రాలేదా?"

ప్రశాంత్ నిజాయితీగా గుర్తు చేసుకునే ప్రయత్నం చేశాడు. "బోర్డు మంచిగున్నదన్నా," అన్నాడు.

మైసమ్మ, ఈ పూట ఎవరూ చెప్పకపోయినా పోతానని, రోడ్డు దాటింది. భూపాల్ అలాగే కూర్చున్నాడు. బస్తాల అవతల అన్నపూర్ణ కందిపప్పు తూస్తోంది. కాంటా మీదినుంచి చూపు తీయకుండా అంది:

"తమ్మీ, కాలు తియ్యి."

"ఏంది వదినా?"

"ఇందాకటినుంచి దాని మీదనే కాలు పెట్టుకొని కూసున్నవ్."

భూపాల్ వంగి చూశాడు. బల్ల కింద ఒక పాత కీబోర్డు. పసుపు పట్టిన తెలుపు. కాళ్లు పెట్టుకునే పీట అనుకున్నాడు. దాని తీగ వెనక్కి పోయి కంప్యూటర్‌లోనే ఉంది. చివర యూఎస్‌బీ లేదు. గుండ్రటి పిన్ను.

"అది వేరే దారిల వస్తదంట," అంది అన్నపూర్ణ. "ఆ డ్రైవర్ పోయినా ఇది నడుస్తదంట. ఆయన గూడ ఒకప్పుడు నీ లెక్కనే దించి కూసున్నడు. పొద్దుందాక తలకాయ పట్టుకున్నడు. అప్పటిసంది దాన్ని పీకడు."

భూపాల్ దాన్ని పైకి తీశాడు. తన చెప్పుల మట్టి తుడిచాడు. తట్టలేదు. తట్టడానికి సిగ్గేసింది. ఎక్కించే ఆజ్ఞ టైపు చేసి ఎంటర్ నొక్కాడు. తెర మీద వరుసలు ఉరికాయి. బల్ల మీది కీబోర్డుల్లో ఎర్ర దీపాలు ఒకదాని వెనుక ఒకటి వెలిగాయి.

"పడ్డది!" అని అరిచాడు.

ఆ సంతోషంలో బాణం గుర్తు బటన్ మీద వేలు పడింది. పైకి బాణం నొక్కితే ఆ తెర అంతకుముందు చేసిన పనుల్ని ఒక్కొక్కటే గుర్తు చేస్తుంది. ఏదో పాత వరుస వచ్చింది. వేలు ఆగలేదు. ఎంటర్ కూడా నొక్కింది.

మూలన దుప్పటి కదిలింది.

లోపల ఎవరో నిద్రలేచి మూలిగినట్టు చప్పుడు. దుప్పటి అంచును తోసుకుంటూ ఒక కాగితం బయటికి వచ్చింది. దాని మీద బంతిపువ్వు. పూర్తి రంగుల్లో, రేకు రేకు విడివిడిగా. భూపాల్ పట్టుకున్నాడు. ఇంకా వెచ్చగా ఉంది. అంత కంగారులోనూ అతను గమనించాడు: తన ప్రింటర్ కంటే రంగు బాగుంది.

మంట మళ్లీ లేచింది.

"వదినా, ఇది చెడిపోయింది గదా?"

"ఎవరన్నరు చెడిపోయిందని?"

"మరి పడ్తలేదంటడు?"

అన్నపూర్ణ పొట్లం కట్టి, దారం తెంపింది.

"నువ్వు దుకాణం పెట్టే ముందు వచ్చి అడిగినవ్ గుర్తున్నదా? అన్నా, ఎదురుంగ పెడుతున్న, ఏమనుకోకు అని. ఆనాడే దుప్పటి కప్పిండు. నేను అడిగిన. మనకు కిరాణం ఉన్నది, భూపాల్‌కు ఆ ప్రింటరొక్కటే ఉన్నది అన్నడు. అప్పుడప్పుడు ఆ పువ్వొకటి తీస్తడు. సిరా ఎండిపోతదంట. తీసి మళ్ల కప్పుతడు."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే నువ్వు ఊకుంటవా?"

భూపాల్ ఆ పువ్వును బల్ల మీద పెట్టాడు. ఇన్నాళ్లూ ఆ బెంచీని చూసి కుళ్లుకున్నాడు. నవ్వుల్ని చూసి కుళ్లుకున్నాడు. తిట్టుకోవడానికి మిగిలిన ఒక్క ఆసరా ఆ పాడైన ప్రింటర్. అదీ పాడు కాలేదు. పైగా మనిషి మంచితనంలో కూడా తనకంటే ముందే దుకాణం తెరిచి కూర్చున్నాడు. దీని మీద పోటీ ఎట్లా పెట్టుకోవాలి? ఏసీ ఇంకా పెంచాలా?

సాయంత్రం ఉదయ్‌భాస్కర్ బస్సు దిగాడు. చేతిలో తువ్వాల చుట్టిన ఫంక్షన్ హాలు కీబోర్డు. చక్కెర పాకం వాసన. మొదట బల్ల చూశాడు. అటక మీదివన్నీ కింద ఉన్నాయి. గుండ్రటి పిన్నుది బల్ల పైన ఉంది. పక్కన బంతిపువ్వు.

"దించినవా?" అన్నాడు.

"దించిన."

"మంచిది. ఒకసారి దించినోడికే భయం తెలుస్తది. కూసో."

"అన్నా, ఆ ప్రింటర్..."

"నా సిస్టంల పడ్తలేదు," అన్నాడు ఉదయ్‌భాస్కర్, పువ్వును మడిచి జేబులో పెట్టుకుంటూ.

భూపాల్‌ను తన కుర్చీలోనే కూర్చోబెట్టాడు. ఆ పెద్దింటి డ్రైవర్ అసలు పేరు చెప్పాడు. రాసిపెట్టాల్సిన ఆ ఒక్క మాటా చెప్పాడు. "ఇప్పుడు దించేది రాయి. ఎంటర్ నొక్కకు. దాని పక్కనే ఎక్కిచ్చేది రాయి. రెండూ ఒకే వరుసల. ఇప్పుడు నొక్కు. ఒక్కసారే."

భూపాల్ నొక్కాడు. దిగడమూ ఎక్కడమూ ఒక్క రెప్పపాటులో అయిపోయాయి. ఎఫ్ టూ నొక్కాడు. వెలుతురు పెరగలేదు. ఎఫ్ టూ ఎఫ్ టూలాగే పడింది.

"మరి నడుమ తట్టుడు?" అన్నాడు భూపాల్. "నువ్వు నడుమల తడుతవ్ గదా. నేను ఎంటర్ కొట్టి తట్టిన."

"నేను రెండో మాట యాదికి తెచ్చుకుంటుంట అప్పుడు."

"అంటే తట్టకున్నా పని చేస్తదా?"

"చేస్తది."

"మరెందుకు తడుతవన్నా?"

ఉదయ్‌భాస్కర్ పాకం కీబోర్డును ముంజేతి మీదికి తీసుకున్నాడు. గోడవైపు చూశాడు.

"అంత దూరం నుంచి వచ్చింది గదా," అన్నాడు.

మరుసటి రోజు పొద్దున కృష్ణయ్య ఆలూరు ఆటో దిగాడు. భూపాల్ అప్పటికే అద్దం వెనుక సోడా పట్టుకొని నిలబడి ఉన్నాడు. అవతల ఉదయ్‌భాస్కర్ సంఘం కీబోర్డును తువ్వాలతో సహా కృష్ణయ్య చేతికి ఇచ్చి, తల అడ్డంగా ఊపి, దుప్పటి వైపు చూసినట్టే జాలిగా చూసి, వేలితో ఇటు చూపించాడు. ఏమన్నాడో భూపాల్‌కు అద్దంలోంచి వినపడలేదు. వినపడాల్సిన అవసరం లేదు.

కృష్ణయ్య రోడ్డు దాటి వచ్చాడు. "నీతోనే అయిందంట గదా భూపాలూ. ఆయన సిస్టంల పడ్తలేదంట."

భూపాల్ సోడా గుటకేశాడు. ఊకొడితే సరిపోయేది. ఏడాది పొడుగునా పని. సొంత ఊరి పని. నోరు తెరిచాడు.

"అబద్ధం పెద్దాయనా. ఆయనే నేర్పిండు. పని ఆయనకే ఇయ్యండ్రి."

కృష్ణయ్య మళ్లీ రోడ్డు దాటాడు. అక్కడ ఏదో మాట నడిచింది. మళ్లీ వెనక్కి తిరిగాడు. ఇటు భూపాల్ రెండు చేతులూ అడ్డంగా ఊపాడు. అటు ఉదయ్‌భాస్కర్ ముందుకు తోశాడు. పూల సంఘం పెద్ద, తువ్వాల చుట్టిన కీబోర్డుతో, రోడ్డు నడిమధ్యలో నిలబడిపోయాడు. పరిగి బస్సు హారన్ కొట్టింది. వెనుక టమాటా ఆటోలు ఆగాయి.

"ఎవరో ఒకరు తీస్కోండ్రయ్యా!" అని కృష్ణయ్య అరిచాడు. "పూలు వాడిపోతున్నయి!"

ఉదయ్‌భాస్కర్ దుకాణం దిగాడు. రోడ్డు మధ్య దాకా వచ్చి కృష్ణయ్య చెయ్యి పట్టుకొని ఇటు దాటించాడు. అద్దం తలుపు ముందు చెప్పులు విడిచాడు. తలుపు తోసి లోపలికి వచ్చాడు. ఏసీ చల్లదనానికి ఒకసారి భుజాలు దగ్గరికి తీసుకున్నాడు. తిరిగే కుర్చీలో కూర్చున్నాడు. అది తిరిగింది. కొంచెం భయపడి, బల్ల పట్టుకొని ఆపుకున్నాడు.

"షెడ్లకు భూపాల్ పోయి, అక్కడి కంప్యూటర్లల్ల గూడ ఆ మాట రాస్తడు పెద్దాయనా. ఎప్పుడన్న డ్రైవర్‌ను దించి కూసుంటే నేనొస్త," అన్నాడు.

కృష్ణయ్యకు అంతకంటే కావలసింది లేదు. భూపాల్ మాత్రం ఏదో అనబోయాడు. మంట అడ్డం వచ్చింది. సోడా సీసా చేతిలో, రెండో చెయ్యి రొమ్ము మీద, అలాగే నిలబడ్డాడు.

ఉదయ్‌భాస్కర్ లేచాడు. అతని చేతిలోంచి సీసా తీసి బల్ల మీద పెట్టాడు. అతన్ని కొంచెం ముందుకు వంచి, గోడవైపు చూస్తూ, వీపు మీద అరచేత్తో మెల్లగా తట్టాడు.

భూపాల్‌కు పెద్ద త్రేన్పు వచ్చింది. ఎంత పెద్దదంటే లోపలినుంచి అరుణజ్యోతి పరుగెత్తుకొచ్చింది.

"ఇగ పని చేస్తది," అన్నాడు ఉదయ్‌భాస్కర్.